విజ్ఞాన ఆర్థిక వ్యవస్థకు పునాది నెట్‌వర్కా, నిపుణులా? హైదరాబాదు అనుభవంపై చర్చ

వరంగల్ అధ్యాపకుడు (చర్చ ప్రారంభం)

విజ్ఞానమే పెట్టుబడిగా సాగే ఆర్థిక వ్యవస్థ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం హైదరాబాదునే చూపుతాం. ఆ నగరం ఎదగడానికి 1998 నవంబరులో మాదాపూర్‌లో ప్రారంభమైన సైబర్ టవర్స్, దానితో వచ్చిన డిజిటల్ వసతులు కారణమా, లేక అంతకు ముందే ఇక్కడ పోగుపడిన నిపుణులు కారణమా అన్న విషయంలో మా విభాగంలోనే ఏకాభిప్రాయం లేదు. ఇది పాత చరిత్ర తవ్వుకోవడం కాదు. 2020లో కరీంనగర్, ఖమ్మం పట్టణాల్లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. ఇకపై చిన్న పట్టణాల్లో పెట్టే డబ్బు భవనాలకూ ఫైబర్ కేబుల్‌కూ ముందు వెళ్లాలా, శిక్షణకు ముందు వెళ్లాలా అన్నది ఈ ప్రశ్నకు మనం చెప్పుకునే జవాబును బట్టే ఉంటుంది.

మాదాపూర్ ఇంజినీరు

సాంకేతికతే ముందు అని నా వాదన. నైపుణ్యం మన దగ్గర మొదటి నుంచీ ఉంది, కానీ 1980లలో అది విమానమెక్కి వెళ్లిపోయేది. 1985లో బెంగళూరులో కేంద్రం తెరిచిన అమెరికా కంపెనీ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉపగ్రహ లింకు సాయంతో పని పంపడం మొదలుపెట్టాకనే, మనిషి ఊరు దాటకుండా అతని పని సముద్రం దాటగలదని తేలింది. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ, అలాంటి లింకును సొంతంగా పెట్టుకునే స్తోమత లేని చిన్న కంపెనీలకు కూడా దాన్ని అందుబాటులోకి తెచ్చింది.

అంకెలు కూడా ఇదే చెబుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం ఐటీ ఎగుమతులు 2013-14లో 57,258 కోట్ల రూపాయలు, 2022-23లో 2,41,275 కోట్లు. ఉద్యోగుల సంఖ్య అదే కాలంలో 3.23 లక్షల నుంచి 9.05 లక్షలకు చేరింది. ఉద్యోగి తలసరిన చూస్తే ఎగుమతి సుమారు 17.7 లక్షల నుంచి 26.6 లక్షలకు పెరిగింది. మనుషులు మూడింతలు కాకముందే ఎగుమతి నాలుగింతలు దాటిందంటే, వారి చేతిలోని పనిముట్టు మెరుగుపడిందనే కదా అర్థం.

బాలానగర్ విశ్రాంత కెమిస్టు

ఇంజినీరు గారూ, మీ భాగహారం సరిగానే ఉంది కానీ, ఆ తొమ్మిదేళ్లలో డాలరు విలువ సుమారు 60 రూపాయల నుంచి 80కి చేరిన సంగతి అందులో లేదు. దాన్ని కలిపి చూస్తే తలసరి పెరుగుదలలో సగానికి పైగా రూపాయి పతనానికే చెందుతుంది. మిగిలిన భాగం గురించి మాట్లాడుకుందాం.

మాదాపూర్‌లో రాళ్లగుట్టలు తప్ప ఏమీ లేని రోజుల్లోనే ఈ నగరంలో విజ్ఞానం సంపదగా మారడం మొదలైంది. 1967లో ఎ.ఎస్.రావు గారి సారథ్యంలో ఏర్పడిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1969 నాటికే టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. బాలానగర్‌లో సోవియట్ సహకారంతో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ మందుల కర్మాగారం వెలిసింది. అలాంటి కర్మాగారాల్లో యువ కెమిస్టులు నేర్చుకున్నది పుస్తకంలో దొరికే విద్య కాదు. ప్రయోగశాలలో వంద గ్రాములకు చక్కగా కుదిరిన రసాయన చర్య, దాన్ని జరిపే పెద్ద పాత్ర అయిన రియాక్టరులో వంద కిలోలకు పెంచేసరికి వేడి బయటికి పోక, బ్యాచ్ మొత్తం నల్లబడి పారబోయవలసి వస్తుంది. ఆ నష్టాన్ని కళ్లారా చూసినవాడే మరుసటిసారి వాల్వును ఎంత నెమ్మదిగా తిప్పాలో తెలుసుకుంటాడు. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీని స్థాపించారు. ఆయనలాగే ఎందరో బయటికి వచ్చి బల్క్ డ్రగ్స్, అంటే మందుల ముడిపదార్థాల, పరిశ్రమను నిలబెట్టారు. మందుకు కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చిన 1970 నాటి చట్టం, కొత్త పద్ధతిని కనిపెట్టగల కెమిస్టుకు విలువ తెచ్చింది. ఐడీపీఎల్ ఖాయిలా పడింది, అక్కడ తయారైన మనుషులు మాత్రం మిగిలారు. ఏ తీగా లేని కాలంలో జరిగిన ఈ మార్పును మీ వాదనలో ఎక్కడ ఇముడుస్తారు?

అమీర్‌పేట శిక్షకురాలు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం దగ్గర పదకొండేళ్లుగా జావా అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. ఉదయం ఏడు గంటల బ్యాచ్‌లో కూర్చునేవారిలో చాలామంది ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చాక, తమ చేతులతో మొదటి ప్రోగ్రాము రాసేది ఇక్కడే. వారి కళాశాలల్లో కంప్యూటర్లు లేక కాదు. తప్పు ఎక్కడుందో పక్కన కూర్చుని చూపించే మనిషి లేక. ఒక తరగతిలో నేను ఇద్దరికి మించి చూపలేను, తరగతిలో ఎనభై మంది ఉంటారు. నా బాధంతా అదే.

మాదాపూర్ ఇంజినీరు

కెమిస్టు గారు చెప్పిన రూపాయి లెక్కను అంగీకరిస్తున్నాను. ఔషధాల విషయంలోనూ మీ మాటే నిజం. అయితే మందు డబ్బాలో పెట్టి ఓడలో పంపవచ్చు. సాఫ్ట్‌వేర్ సేవకు అలా కాదు, అవతలి కంప్యూటరును ఇక్కడి నుంచి అందుకోగలిగితేనే అది సరుకవుతుంది. అందుకే నిపుణులు ముందే ఉన్నప్పటికీ, లింకులు లేనంత కాలం వారి నైపుణ్యానికి ఈ ఊళ్లో అంత ధర పలకలేదని ఇప్పటికీ అంటాను.

వరంగల్ అధ్యాపకుడు

మీ ఇద్దరి మాటలూ చదివాక నా మొగ్గు శిక్షణ వైపే ఉందని దాచకుండా చెబుతాను. మా ల్యాబులో అరవై కంప్యూటర్లు, మంచి వేగమున్న ఇంటర్నెట్ ఉన్నాయి. అయినా చివరి సంవత్సరం పిల్లలలో కొందరు అమీర్‌పేట వెళ్లి ప్రాజెక్టు కొనుక్కుని వస్తారు. నిరుడు వైవాలో ఒక అబ్బాయిని తన ప్రోగ్రాములోని ఒక లూపును, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగాన్ని, ఒక అంకె మార్చి నడిపి చూపించమన్నాను. తెర వైపు చాలాసేపు చూసి, "సార్, ఇది నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. అతణ్ని కోప్పడలేకపోయాను, ఎందుకంటే నాలుగేళ్లలో అతని పక్కన కూర్చుని ఆ లూపు నడిపి చూపించవలసినవాళ్లలో నేనూ ఒకణ్ని. శిక్షకురాలు గారూ, ఒక తరగతిలో ఇద్దరికి మించి చూపలేనన్నారు, మరి కోర్సు మొత్తం మీద ఒక్కరు ఎంతమందికి పక్కన కూర్చుని నేర్పగలరని మీ అనుభవం? మా విభాగం నుంచి కోరబోయే పోస్టుల సంఖ్యను ఆ లెక్కతోనే రాయాలనుకుంటున్నాను.