బతుకమ్మ రోజు గురుకులం వాళ్ల 40 నిమిషాలు: వాలంటీర్లు ఇక్కడే మాట్లాడుకుందాం

సమన్వయం:
అందరికీ నమస్తే. ఆదివారం కాల్‌కు రాలేకపోయినవాళ్ల కోసం మళ్లీ రాస్తున్నా. ఈసారి డల్లాస్‌లో మన సంఘం బతుకమ్మ రోజున స్టేజీ మీద మనకు 40 నిమిషాలు ఇచ్చారు. సాయంత్రం ఐదున్నరకు మొదలు. మన తర్వాత ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుంటారు కాబట్టి ఒక్క నిమిషం కూడా పొడిగించేది లేదు. ఎవరు మాట్లాడుతున్నా సరే, టైం కాగానే మైకు బంద్. ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి పాలమూరు గురుకులాల్లో చదివినవాళ్లు, చదువు చెప్పిన సార్లు, మేడమ్‌లు ఇప్పుడెక్కడున్నారు, ఎట్లున్నారు, ఇదే మన కార్యక్రమం.

సర్వేల్, బీచుపల్లి వాళ్లు ఇప్పటికే పేర్లిచ్చారు. చలకుర్తి, వట్టెం నవోదయల వాళ్లు "మేమూ రావచ్చా" అని అడుగుతున్నారు. తప్పకుండా రావాలి. 1971 నవంబరు 23న సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. 1985 తర్వాత నవోదయలు వచ్చింది కూడా ఆయన కేంద్రంలో విద్య చూస్తున్న రోజుల్లోనే. అన్నదమ్ముల పిల్లల మధ్య పంచాయితీ ఎందుకు?

ఒక సంగతి ముందే తేల్చి చెప్తున్నా. ఫారంలో "హోదా, కంపెనీ" అనే గడి తీసేశాను. వేరే సంఘం వాళ్ల మీటింగులో చూశా. మైకు అందుకున్న ప్రతి ఒక్కరూ తాము ఎక్కడ డైరెక్టరో, ఇల్లు ఎక్కడ కట్టారో, పిల్లలకు ఏ కాలేజీలో సీటొచ్చిందో చెప్పుకున్నారు. నాలుగో మనిషి వచ్చేసరికి జనమంతా చాయ్ దగ్గర ఉన్నారు. ఇక్కడున్నవాళ్ల సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. తెలియనిదల్లా ఇక్కడికి రానివాళ్ల సంగతి. అందుకే ఫారంలో ఒకటే పెద్ద ప్రశ్న పెట్టాను: "డార్మిటరీలో నీ పక్కన ఎవరి ట్రంకు పెట్టె ఉండేది? ఆ మనిషి ఇప్పుడెక్కడ, ఏం చేస్తున్నాడు?" మీ గురించి ఒక్క లైను, వాళ్ల గురించి ఐదారు లైన్లు. తెలియకపోతే ఫోన్ చేసి కనుక్కోండి.

పోస్టర్ చేసే తమ్ముడు:
అన్నా, పోస్టర్ మీద ఎవరి ఫొటో వేద్దాం? డీజీపీగా చేసిన మహేందర్‌రెడ్డి గారు సర్వేల్‌లో చదివినవారే కదా. ఆయన ఫొటో ఉంటే హాలు నిండుతుంది.

సమన్వయం:
ఆయన పేరు చెప్పుకుంటే మనందరికీ గర్వమే, కాదనను. కానీ ఫొటో చూసి ఆయన వస్తున్నారనుకుని జనం వస్తారు. రాని మనిషి ఫొటో వేసి పిలవడం మర్యాద కాదు తమ్మీ. బడి గేటు ఫొటో వెయ్యి. ఎవరి బడి గేటు అని మళ్లీ కొట్లాట వస్తే అన్ని గేట్లూ వెయ్యి.

1980ల బ్యాచ్ పెద్దన్న:
హోంవర్కు నేనే మొదట చేసిన. చూడండి, ఇట్లా ఉంటే సరిపోతుందా?

మావాడి పెట్టెకు తాళం ఉండేది కాదు. తెగిపోయిన నవారు ముక్కతో గట్టిగా ముడేసి పెట్టేవాడు. ఆ ముడి విప్పడం వాడికొక్కడికే వచ్చు. అయినా వాళ్లమ్మ పంపిన సకినాలు సాయంత్రం స్టడీ అవర్ లోపల అయిపోయేవి, ఎందుకంటే వాడే విప్పి అందరికీ పంచేవాడు. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు నేర్పింది సారు కాదు, వాడు. పదో తరగతి తర్వాత నేను సాగర్ రెసిడెన్షియల్ కాలేజీకి పోయిన, వాడు వాళ్ల నాయిన మంచం పడితే ఊరికి పోయిండు.

నిన్న రాత్రి ఫోన్ చేసిన. ఎత్తగానే "ఏరా అమెరికోడా, ఎవరు సచ్చిన్రు?" అన్నడు. మేం ఫోన్ చేసుకునేది అట్లాంటప్పుడే అని వాడి లెక్క. ఎవరూ చావలేదురా, ఊకెనే చేసిన అంటే వాడు నమ్మడానికి కాసేపు పట్టింది. నాంపల్లి మండలంలో బత్తాయి తోట. బోరు ఎండితే సగం చెట్లు కొట్టేసి పత్తి పెట్టిండు. పెద్దబిడ్డ నల్గొండలో నర్సు, చిన్నోడు హైదరాబాదులో ఉద్యోగం వెతుకుతుండు. మోకాళ్లు వంగుతలేవట. "చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లు రా" అన్నడు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పిల్లలకు ఆ బాధ లేదు. కానీ ఒకసారి ఎముకల్లో దిగిన ఫ్లోరైడు మళ్లీ దిగిపోయేది కాదు కదా. ఫోన్ పెట్టేముందు "నీకు ఇప్పటికైనా వర్గమూలం వచ్చిందా" అని అడిగిండు.

సమన్వయం:
అన్నా, సరిపోవడం ఏంది, మిగతా అందరికీ ఇదే నమూనాగా పంపిస్తా. ఒక్కటి మాత్రం చూడు. మోకాళ్ల సంగతి, కొడుకు ఉద్యోగం సంగతి స్టేజీ మీద చదవొచ్చా అని ఆయన్నే అడుగు. మన చుట్టూ వాళ్ల మండలం వాళ్లు, చుట్టాలు కూర్చుంటారు. ఇది అందరికీ వర్తిస్తుంది: రోగాలు, అప్పులు, పిల్లల పెళ్లిళ్లు, వాళ్లు సరేనంటేనే చదువుదాం. కాదంటే "క్షేమంగా ఉన్నాడు, బత్తాయి తోట చేస్తున్నాడు" చాలు.

వీడియో టీం:
సార్లతో లైవ్ వీడియో కాల్ పెడదామని ముగ్గురు నలుగురు అడిగారు. కుదరదు. అక్టోబరులో మనకూ ఇండియాకూ తేడా పదిన్నర గంటలు. మన ఐదున్నర అంటే అక్కడ ఆదివారం తెల్లవారుజామున నాలుగు. 80 దాటిన సారును ఆ టైంకు లేపితే సారు ఊరుకున్నా ఇంట్లోవాళ్లు ఊరుకోరు. కాబట్టి ముందే రికార్డు చేయించాలి. ఫోను అడ్డంగా పట్టుకోవాలి. ఫ్యాను ఆపాలి, లేకపోతే గొంతు కంటే ఫ్యానే ఎక్కువ వినిపిస్తుంది. పొద్దున పూట వరండాలో కూర్చోబెడితే లైట్లు అక్కర్లేదు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే పెద్ద తెర మీద మసకగా వస్తుంది, డాక్యుమెంటుగా పంపమనండి. ఒక్కొక్కరికి నిమిషంన్నర.

1990ల బ్యాచ్ తమ్ముడు:
సార్లకు 45 నిమిషాల పీరియడ్ అలవాటు. నిమిషంన్నర అంటే హాజరు తీసుకోవడానికే చాలదు.

వీడియో టీం:
ఎంతసేపు మాట్లాడినా తీసుకోండి, మేం కత్తిరిస్తాం. పూర్తి వీడియో ఆయా బ్యాచ్ గ్రూపులకు పంపుదాం. మా తెలుగు సారు వీడియో మాత్రం కత్తిరించే ధైర్యం నాకు లేదు, ఎవరైనా ఆ పని తీసుకోండి.

గద్వాల అక్క:
ఇక్కడ అందరూ సార్లు, సార్లు అంటున్నారు. నేను చదివింది ఆడపిల్లల గురుకులం. మా మేడమ్‌ల నంబర్లన్నీ ఉన్నాయి, దొరకనిది మా ఆయా నంబరు. ఐదో తరగతిలో చేరినప్పుడు నాకు జడ వేసుకోవడం రాదు. ప్రార్థన గంట కొట్టేలోపు వరుసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ రెండు జడలు వేసి, రిబ్బన్ మడిచి కట్టేది. రిబ్బన్ చివర్లు ఊడకుండా దీపం మీద కాల్చేది. ఇంటి మీద బెంగతో రాత్రి ఏడ్చే పిల్లల పక్కన వచ్చి పడుకునేది కూడా ఆమే. ఆమె సంగతి ఎవరూ రాయరు, ఎందుకంటే ఆమె ఏ బ్యాచ్ గ్రూపులోనూ లేదు. బడి ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం నంబరు ఎట్లనో సంపాదించి అడిగించాను. ఉంది, మనవరాలి దగ్గర ఉంటోంది, కళ్లకు ఆపరేషన్ అయింది. మనవరాలు వీడియో తీసి పంపుతానంది. నా నిమిషంన్నర ఆమెకే ఇవ్వండి.

సమన్వయం:
ఇచ్చేశాం అక్కా. ఇంకో మాట అందరికీ: వంటవాళ్లు, వాచ్‌మెన్, గంట కొట్టిన అటెండర్, అందరి గురించీ కనుక్కోండి. బడి దగ్గర చాయ్ హోటల్, కిరాణా, పోస్టాఫీసు, ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట నంబరు దొరుకుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో వెతికితే దొరకదు.

ఫారంలో "జిల్లా" గడి గురించి కూడా చెప్పాలి. వచ్చినవాటిలో సగం "నల్గొండ", మిగతా సగం "మహబూబ్‌నగర్". 2016 అక్టోబరు 11 తర్వాత సర్వేల్ యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది, బీచుపల్లి జోగులాంబ గద్వాలలో. నారాయణపేట వాళ్లకు 2019లో ఇంకోసారి మారింది. ఒకే ఊరివాళ్లు ఇద్దరు రెండు జిల్లాలు రాస్తే జాబితాలో విడివిడిగా పడుతున్నారు. జిల్లా వదిలెయ్యండి, ఊరు, మండలం రాయండి.

నివాళి స్లైడ్ చూసే అన్న:
పోయినవాళ్ల ఫొటోలు నేను సేకరిస్తున్నా. దయచేసి ఫార్వర్డులు పంపొద్దు. నాకు తెలిసిన ఒక బ్యాచ్ గ్రూపులో బతికున్న సారుకు ఓంశాంతి పెట్టేశారు. అదే పేరుతో ఇంకో సారు ఉండేవారు, పోయింది ఆయన. వందకు పైగా దండాలు పెట్టాక ఈ సారు కొడుకు ఫోనులోంచి వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఇంకా ఉన్న బిడ్డా, అయినా మీరంతా మంచి మాటలే రాసిన్రు, సంతోషం." కాబట్టి ఇంట్లోవాళ్లతో ఎవరైనా నేరుగా మాట్లాడాకే నాకు పేరు పంపండి. పూర్తి పేరు, చెప్పిన సబ్జెక్టు, ఏ ఏడాది పోయారు, ఈ మూడూ కావాలి. స్లైడ్ నడుస్తున్నప్పుడు పాట వద్దు, పేర్లు చదువుదాం.

వంటల అక్క:
హాస్టల్ మెనూ పెడదామని మగవాళ్లు ఉబలాటపడుతున్నారు. ఆ నీళ్ల పప్పుచారు గురించి పెళ్లయిన నాటి నుంచి వింటూనే ఉన్నాం. ఇప్పుడు మళ్లీ అదే వండి పెట్టాలా? ఆ రోజు సద్దులు: పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, మలీద ముద్దలు. అంతగా కావాలంటే స్టీలు ప్లేట్లు ఇస్తా, లైన్లో నిలబడి తినండి, తిన్నాక మీ ప్లేటు మీరే కడగండి. పూలు ఎవరు తెస్తున్నారు? తంగేడు ఇక్కడ దొరకదు. గునుగుకు బదులు పూల దుకాణంలో సిలోషియా అడగండి, అదీ గునుగు జాతే. బంతిపూలు ఎవరి పెరట్లోనైనా ఉంటే చెప్పండి.

కోశాధికారి:
స్టేజీ మీద చందాల మాట ఎత్తొద్దు. బడికి కంప్యూటర్లు ఇద్దాం, ఒక సారు ఆపరేషన్‌కు సాయం చేద్దాం అని రెండు ప్రతిపాదనలు వచ్చాయి. రెండూ మంచివే. కానీ సంఘం ఖాతా నుంచి ఇండియాలో ఒక వ్యక్తికి డబ్బు పంపడం మన పన్ను మినహాయింపుతో ముడిపడిన వ్యవహారం. అక్కడి సంస్థకు పంపాలంటే వాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, అంటే విదేశీ విరాళాలు తీసుకోవడానికి అక్కడి ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లది వస్తుంది. హాల్లో డబ్బా తిప్పి అందరి డబ్బూ కలిపేస్తే విడదీయడం నా వల్ల కాదు. ఆపరేషన్ సంగతి ఆ బ్యాచ్ వాళ్లు విడిగా చూసుకోండి.

పెద్దన్న:
కోశాధికారి మాటే కరెక్టు. పైగా సారు వీడియో వేసి, వెంటనే చందా అడిగితే సారుకు ఎట్లుంటది?

సమన్వయం:
సరే, చందా లేదు. యాంకరింగ్‌కు ఇద్దరు కావాలి, ఒకరు గద్వాల అక్క అని నేనే అనుకుంటున్నా, అక్క ఇంకా ఒప్పుకోలేదు. ఫారాలు వచ్చే శుక్రవారం రాత్రికల్లా, వీడియోలు ఆ తర్వాతి శుక్రవారానికి. హాలువాళ్లు ఇన్సూరెన్స్ కాగితం అడిగారు, అది పంపేశాం. ప్రొజెక్టర్ వాళ్లదే, కేబుల్ మాత్రం మనం తీసుకెళ్లాలి.

1990ల బ్యాచ్ తమ్ముడు:
కేబుల్ నా దగ్గర ఉంది. మా పక్క పెట్టె వాడి నంబరు దొరకలేదు. దేవరకొండ డిపోలో కండక్టర్ అని మాత్రం తెలిసింది. ఆ వైపు చుట్టాలున్నవాళ్లు ఎవరైనా ఉంటే డిపోలో అడిగి చెప్పండి.

గద్వాల అక్క:
మా చిన్నాయన ఉండేది దేవరకొండలోనే. బ్యాచ్, పూర్తి పేరు పంపు తమ్ముడూ, రేపు పొద్దున పొమ్మంటా. యాంకరింగ్ సంగతి మాత్రం ఇంకొకరిని చూసుకోండి.