వెర్షన్ ట్యాగ్ లేని మైన్‌క్రాఫ్ట్ ఫైల్‌ను గ్రూపులో పెట్టనివ్వాలా?

ఓరుగల్లు బిల్డర్:
మన గ్రూపులో మైన్‌క్రాఫ్ట్ గేమ్ బ్లాకులతో కట్టిన రామప్ప గుడి మ్యాపులే ఇన్ని ఉన్నాయి. ఏది ఫోన్‌లో తెరుచుకుంటుందో, ఏది పీసీకి మాత్రమేనో పేరు చూసి చెప్పలేం. అందుకే నేననేది, మూడు ట్యాగులు తప్పనిసరి చేయాలి: ఎడిషన్ జావానా (పీసీది) బెడ్‌రాకా (ఫోన్లలోనూ ఆడేది), ఏ వెర్షన్, మ్యాపా, మోడా (గేమ్‌నే మార్చేది), డేటాప్యాకా (జావా గేమ్‌లో రెసిపీల్లాంటివి మార్చే ఫైళ్ల కట్ట). ఇవి లేని ఫైల్‌ను తీసుకోకూడదు. ఎవరికి తోచినట్టు వాళ్లు టైప్ చేయకుండా లిస్టులోంచే ఎంచుకోవాలి. ఒకరు ‘1.20’ అని, ఇంకొకరు ‘కొత్త వెర్షన్’ అని రాస్తే సెర్చ్‌లో రెండూ ఒకచోట దొరకవు. పైగా ఈరోజు కొత్తది రేపటికి పాతదైపోతుంది.

కాజీపేట జంక్షన్:
అన్నా, నేను ఒప్పుకోను. పరకాలలోనో జమ్మికుంటలోనో తొమ్మిదో తరగతి పిల్లాడు ఎండాకాలం సెలవులన్నీ కూర్చుని, అమ్మ ఫోన్‌లో కోట తోరణం కడతాడు. తీరా పెట్టబోతే ‘ట్యాగ్ లేదు, తీసుకోం’ అంటే వాడు దోస్తులకు వాట్సాప్‌లో పంపుకుని ఊరుకుంటాడు. ఆ మ్యాప్ మనకు ఇక రాదు. ముందు పెట్టనివ్వండి, ట్యాగులు తర్వాత అడ్మిన్లు చేరుస్తారు. అయినా ఫైల్ పేరు చివర ‘ఎంసీవరల్డ్’ అని ఉంటే బెడ్‌రాక్‌దని చూడగానే తెలుస్తుంది కదా.

ఓరుగల్లు బిల్డర్:
ఎడిషన్ తెలుస్తుంది తమ్ముడూ, వెర్షన్ తెలియదు. జిప్ ఫైల్ అయితే అదీ తెలియదు. జావాలో 1.21 వచ్చినప్పుడు డేటాప్యాక్ లోపలి ఫోల్డర్ల పేర్లే మారాయి. అంతకుముందు ‘ఫంక్షన్స్’ అని బహువచనంలో ఉన్నది ‘ఫంక్షన్’ అయింది, ‘రెసిపీస్’ కాస్తా ‘రెసిపీ’ అయింది. పాత ప్యాక్‌ను కొత్త గేమ్‌లో వేస్తే లిస్టులో పేరు కనిపిస్తుంది, లోపల మాత్రం ఏదీ పనిచేయదు. దించుకున్నవాళ్లు చేసినవాళ్లను తిడతారు. మ్యాపుల సంగతి ఇంకా ఘోరం. పాత వరల్డ్‌ను కొత్త వెర్షన్‌లో తెరిస్తే కొత్త పద్ధతిలోకి మారిపోతుంది. బ్యాకప్ లేకపోతే వెనక్కి తేలేం.

అడ్మిన్లు చేరుస్తారంటున్నావు. ఫైల్ చేయనివాళ్లు అంచనాతో పెట్టే ట్యాగ్ తప్పయితే, అసలు ట్యాగ్ లేకపోవడం కంటే ఎక్కువ నష్టం. లేకపోతే కనీసం అడుగుతారు. ఉంటే నమ్మేస్తారు.

ములుగు మిర్చి:
వెర్షన్‌కు లిస్టు సరే. ఊర్ల పేర్లకు మాత్రం లిస్టు వద్దు. రామప్ప ఉన్నది పాలంపేటలో, ఇప్పుడు ములుగు జిల్లా. 2016కు ముందు అదంతా వరంగల్ జిల్లానే, ములుగు 2019లో విడిగా వచ్చింది. బయటివాళ్లు ఇప్పటికీ ‘వరంగల్’ అనే వెతుకుతారు, మావాళ్లు ‘ములుగు’ అని కొడతారు. రెండు ట్యాగులూ ఉండనివ్వండి. వేయిస్తంభాల గుడికీ అంతే. హనుమకొండ, హన్మకొండ అని రెండు రకాలుగా రాస్తారు కాబట్టి ఏది కొట్టినా ఒకే చోటికి వెళ్లేలా అడ్మిన్లు కలపాలి. గుడి కట్టిన పిల్లలకు స్పెల్లింగ్ పాఠం పెట్టకండి.

గోదావరిఖని గేమర్:
ఇంకొక ట్యాగ్ ఎవరూ అడగడం లేదు. మార్చుకోవచ్చా, మళ్లీ వేరేచోట పెట్టొచ్చా అనేది. మేము కట్టిన బొగ్గుగని మ్యాప్‌ను ఒకరు తీసుకుని, మొదట్లో ఉన్న మా పేర్ల బోర్డు పీకేసి, తమదని పెట్టుకున్నారు. అడిగితే ‘వద్దని ఎక్కడా రాయలేదు కదా’ అన్నారు. వెర్షన్ కంటే ముందు నాకిది కావాలి.

కాజీపేట జంక్షన్:
గోదావరిఖని అన్న మాట న్యాయమైనది, అది పెట్టాల్సిందే. వెర్షన్ విషయంలో కూడా ఒక మెట్టు దిగుతాను, కానీ ప్రశ్న మార్చండి. ‘ఏ వెర్షన్లలో పనిచేస్తుంది?’ అని అడిగితే పిల్లాడికి టెన్షన్, వాడు అన్నింట్లో ఆడి చూడలేదు. ‘ఏ వెర్షన్‌లో కట్టావు?’ అని అడగండి. జావాలో మొదటి స్క్రీన్ కింద ఎడమ మూలన, బెడ్‌రాక్‌లో కుడి మూలన ఆ నంబర్ ఉంటుంది. చూసి కొట్టడమే. వేరే వెర్షన్లో ఆడి చూసినవాళ్లు ‘ఇందులో పరీక్షించాం’ అని తర్వాత చేరుస్తారు. అలాగైతే తప్పనిసరి చేయండి, నాకు అభ్యంతరం లేదు.

ఓరుగల్లు బిల్డర్:
ఇది బాగుంది. ‘కట్టిన వెర్షన్’ తప్పనిసరి, ‘పరీక్షించిన వెర్షన్’ ఎవరైనా చేర్చొచ్చు. పాత ఫైళ్లను మాత్రం తీసేయాలనే అంటాను. కట్టినవాళ్లకు నెల గడువిచ్చి, ముందుగా కబురు పెట్టాకే.

కాజీపేట జంక్షన్:
తీసేయడానికి నేను ఒప్పుకోను. ‘వెర్షన్ తెలియదు’ అని ట్యాగ్ వేసి పక్కన పెట్టండి. గేమ్ మానేసి చదువులకు హైదరాబాద్ వెళ్లిపోయినవాళ్ల మ్యాపులు అందులో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు కబురు అందదు.