మా అమ్మాయి హెలికాప్టర్ పైలట్ కాబోతోంది. వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణి నుంచి రక్షణ ఎంతవరకు?

అల్వాల్ నాన్న:

అందరికీ నమస్కారం. మాది అల్వాల్. ఉదయం పూట డాబా మీద నిలబడితే హకీంపేట వైపు చేతక్ హెలికాప్టర్లు చుట్లు కొట్టడం కనిపిస్తుంది. కొంతకాలంగా వాటిలో ఒకదానిలో మా అమ్మాయి శిక్షణ పొందుతోంది. ఏది తనదో తెలియదు కాబట్టి ప్రతిదానికీ తల ఎత్తి చూస్తాను.

మొన్న టీవీలో వైమానిక దళ విన్యాసాలు చూస్తుంటే ఒక హెలికాప్టర్ రెండు పక్కల నుంచి నిప్పుల వాన కురిసింది. అమ్మాయికి ఫోను చేసి అడిగాను. "అవి ఫ్లేర్లు నాన్నా, వేడిని పట్టుకుని వచ్చే క్షిపణిని దారి మళ్లించడానికి" అంది. ఇంకా అడగబోతే "అవన్నీ యూనిట్‌కు వెళ్లాక నేర్పుతారు" అని మాట మార్చింది. నన్ను కంగారు పెట్టకూడదని తన ఉద్దేశం. కానీ 1999 మే నెలాఖరులో కార్గిల్‌లో మన హెలికాప్టర్ కూలిన వార్త చదివిన రోజు నాకు ఇంకా గుర్తుంది. అప్పటికి అమ్మాయి పుట్టలేదు.

నాది హార్డ్‌వేర్ దుకాణం. పైపులు, పంపులు తెలుసు, క్షిపణులు తెలియవు. ఆకాశంలో ఎగిరే వస్తువును అది ఎలా గుర్తుపడుతుంది? ఇంజిన్ వేడి బయటికి రాకుండా మూసేయలేరా? ఆ నిప్పులు వదిలితే ఇక గండం గడిచినట్టేనా? ధైర్యం చెప్పడానికి కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పేవారు దయచేసి రాయండి.

ఫిజిక్స్ మాస్టారు, దిల్‌సుఖ్‌నగర్:

నమస్కారమండీ. మీ మొదటి ప్రశ్న వరకు నేను చెప్పగలను.

వేడెక్కిన ప్రతి వస్తువూ పరారుణ కాంతిని వెదజల్లుతుంది. మన కంటికి కనబడదు కానీ, చలికాలంలో కుంపటి దగ్గర చేతులు చాపితే చర్మానికి తెలుస్తుంది. క్షిపణి ముక్కులో ఉండే సెన్సరు ఆ కాంతిని చూస్తుంది. తొలితరం సెన్సర్లకు ఎర్రగా కాలిన లోహం మాత్రమే కనబడేది. అంటే ఇంజిన్ వెనుక గొట్టం కనిపించాలి కాబట్టి విమానాన్ని వెనుక నుంచే వెంటాడాలి. భుజం మీద పెట్టుకుని పేల్చే సోవియట్ స్ట్రేలా-2 అలాంటిదే. ఆ తరం క్షిపణులు కొన్నిసార్లు సూర్యుడినే లక్ష్యమనుకుని అటు తిరిగిపోయేవి.

తర్వాత సెన్సర్‌ను బాగా చల్లబరిస్తే చూపు పదునెక్కుతుందని గ్రహించారు. అప్పటి నుంచి ఇంజిన్ వదిలే పొగలోని వేడి కార్బన్ డయాక్సైడ్ కూడా దానికి కనబడసాగింది. అది 4.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ప్రకాశిస్తుంది. దాంతో విమానం ఎదురుగా వస్తున్నా, పక్కగా వెళుతున్నా గురి పెట్టడం సాధ్యమైంది. రాడార్‌లా ఇది ఏ కిరణాన్నీ పంపదు, ఊరికే చూస్తుంది. చూస్తున్న కన్ను ఉందని విమానానికి ముందుగా తెలిసే వీలు లేదు. నన్ను అడిగితే దీనిలోని అసలు ప్రమాదం అదే.

పాత ఆర్మమెంట్ ఫిట్టర్, సైనిక్‌పురి:

అల్వాల్ నాన్న గారూ, మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను. వైమానిక దళంలో ఇరవై ఏళ్లకు పైగా ఆయుధాల విభాగంలో పనిచేశాను. ఆ నిప్పులను పెట్టెల్లో నింపిన చేతులు నావి.

ముందు కార్గిల్ సంగతి. 1999 మే 27న స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా మిగ్-21 భుజం మీది క్షిపణికి దెబ్బతింది. మరునాడు, 28న, తోలోలింగ్ దగ్గర ఎం.ఐ-17 హెలికాప్టర్ కూలి నలుగురూ చనిపోయారు. మీరు చదివిన వార్త అదే అయి ఉంటుంది. ఆ హెలికాప్టర్‌కు ఫ్లేర్లు వదిలే ఏర్పాటు లేదు. ఆ సంగతి విన్న రోజు మా బ్యారక్‌లో ఎవరూ అన్నం ముట్టలేదు. పైలట్లు ఎంత గొప్పవాళ్లయినా ఖాళీ పక్కలతో వెళ్లారు. ఆ రోజు నుంచి నా మనసులో ఒకటే మాట నాటుకుపోయింది: ముప్పు ఉన్న చోటికి వెళ్లే ఏ యంత్రమూ నిండు పెట్టెలు లేకుండా నేల వదలకూడదు. నేను రాసేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది, ఏమీ అనుకోకండి.

ఇక ఫ్లేరు అంటే ఏమిటో దగ్గర నుంచి చెబుతాను. ఎం.ఐ-17కి బిగించే పెట్టె ముఖం తేనెపట్టులా ఉంటుంది, ముప్పై రెండు గుండ్రటి రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో 26 మిల్లీమీటర్ల లావున్న కాట్రిడ్జి. దాని అడుగున విద్యుత్తుతో అంటుకునే చిన్న ప్రైమర్ ఉంటుంది. పైలట్ మీట నొక్కితే కరెంటు దానికి చేరుతుంది, లోపలి ముద్ద మండుతూ బయటికి ఎగురుతుంది. ఎక్కువ ఫ్లేర్లలో ఆ ముద్ద మెగ్నీషియం పొడి, టెఫ్లాన్ కలిపి చేసిందే. అవును, మన ఇంట్లో అట్ల పెనానికి పూసే టెఫ్లానే. రెండూ కలిసి మండితే వేడి రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. హెలికాప్టర్ ఎగ్జాస్టు వేడి కొన్ని వందల డిగ్రీలే. క్షిపణి కంటికి ఒక్కసారిగా పక్కన సూర్యుడు ఉదయించినట్టు ఉంటుంది, చూపు అటు లాగబడుతుంది. అయితే ఆ మంట ఆయుష్షు కొన్ని సెకన్లే.

నింపే రోజున మేము నైలాన్ బట్టలు వేసుకునేవాళ్లం కాదు. ఒంటి మీద పుట్టే చిన్న స్థిర విద్యుత్తు కూడా ప్రైమర్‌ను రాజేయగలదు. ముందు హెలికాప్టర్‌కు ఎర్తు తీగ తగిలించాలి, ఆ తర్వాతే పెట్టె తెరవాలి. ఎండాకాలం మధ్యాహ్నం చెమటతో వేళ్లు జారుతుంటే ఒక్కో కాట్రిడ్జిని కూర్చోబెట్టి, అంచు మీద బొటనవేలు తిప్పి సమంగా ఉందో లేదో చూసేవాణ్ని. వెంట్రుకవాసి పైకి ఉన్నా బయటికి తీసి మళ్లీ పెట్టేవాణ్ని. చివరికి సేఫ్టీ పిన్ను, దానికి వేలాడే ఎర్ర రిబ్బను. నేల మీద ఉన్నంతసేపు ఆ పిన్ను ఉండాలి, ఎగిరే ముందు తీయాలి. తీయడం మరిచిపోతే పైన పైలట్ ఎన్నిసార్లు నొక్కినా ఒక్క నిప్పురవ్వ రాలదు.

ఇక గండం గడిచినట్టేనా అన్నారు. కాదండీ. భుజం మీది క్షిపణి నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి బయలుదేరితే చేరడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది. ఆ సమయంలోనే ఎవరో ఒకరు దాన్ని చూడాలి, ఫ్లేర్లు వదలాలి, హెలికాప్టర్ పక్కకు తిరగాలి. ఫ్లేరు దగ్గరే తచ్చాడితే క్షిపణి చూపులో రెండూ ఉంటాయి. దాన్ని అక్కడ వదిలి తాను తప్పుకోవాలి. చూడటం ఆలస్యమైతే పెట్టె నిండా ఫ్లేర్లు ఉన్నా దండగ.

ఇంజిన్ వేడిని మూసేయలేరు, తగ్గించగలరు. అమెరికా అపాచీ హెలికాప్టర్లో ఎగ్జాస్టు వాయువులోకి బయటి చల్లగాలిని కలిపి వదులుతారు. వేడిగా ఉన్న లోహపు గొట్టం నేరుగా కింది నుంచి కనబడకుండా మలుపు తిప్పుతారు. మీ దుకాణంలో పైపుకు బెండు వేసినట్టే అనుకోండి. కానీ ప్రతి మలుపూ ఇంజిన్ బలాన్ని కొంత తింటుంది, బరువు పెంచుతుంది. హిమాలయాల్లో పలచటి గాలిలో ఎగిరే హెలికాప్టర్‌కు ప్రతి కిలో లెక్కే.

అల్వాల్ నాన్న:

ఫిట్టర్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. భయం తగ్గలేదు కానీ దేనికి భయపడాలో తెలిసింది. చాలా రుణపడి ఉంటాను. ఒక్క సందేహం. ఏడెనిమిది సెకన్లలో క్షిపణిని మనిషి కన్ను చూడగలదా? ఇంకొకటి, ఈ కాలం క్షిపణులు ఫ్లేర్లకు మోసపోవని దుకాణానికి వచ్చే ఒక కుర్రాడు అన్నాడు. నిజమేనా?

లేజర్ ల్యాబ్ అమ్మాయి:

అంకుల్, నమస్తే. నేను ఆప్టిక్స్‌లో పరిశోధన చేస్తున్నాను. ఆ అబ్బాయి చెప్పింది చాలావరకు నిజమే. కొత్త క్షిపణులు ఒక్క రంగులో కాకుండా రెండు పరారుణ పట్టీల్లో చూసి పోల్చుకుంటాయి. రెండింటిలో వెలుగు నిష్పత్తి ఇంజిన్‌కు ఒకలా, ఫ్లేరుకు ఇంకోలా ఉంటుంది. ఉన్నట్టుండి భగ్గున వెలిగి, వెంటనే వెనకబడిపోయే వస్తువును కూడా అనుమానిస్తాయి. కొన్ని ఏకంగా విమానం ఆకారాన్నే బొమ్మలా చూస్తాయి.

మనిషి కన్ను మీద మాత్రమే ఆధారపడే రోజులు పోయాయి. సూర్యకాంతిలోని అతినీలలోహితంలో ఒక భాగాన్ని పైనున్న ఓజోను పొర పూర్తిగా పీల్చేస్తుంది. కాబట్టి ఆ పట్టీలో పట్టపగలు కూడా ఆకాశం చీకటిగానే ఉంటుంది. ఆ చీకటిలో క్షిపణి మోటారు మంట ఒక్కటే చుక్కలా మెరుస్తుంది. హెలికాప్టర్ ఒంటికి నాలుగు దిక్కులా అమర్చిన సెన్సర్లు దాన్ని పట్టుకుని హెచ్చరిస్తాయి, ఫ్లేర్లు వాటంతట అవే పేలతాయి. నాకు ఇంతకన్నా అందమైన ఆలోచన ఈ రంగంలో కనబడలేదు.

ఆ తర్వాతి అడుగు లేజరు. హెచ్చరిక రాగానే ఒక చిన్న గోళం తిరిగి, వస్తున్న క్షిపణి కంట్లోకే లేజరు కాంతిని కొట్టి దాని లెక్క తప్పిస్తుంది. కాట్రిడ్జిల్లా అయిపోయే వస్తువు కాదు. మన రాష్ట్రపతి, ప్రధాని ప్రయాణించే బోయింగ్ 777 విమానాలకు ఇలాంటి రక్షణే ఉంది. నా అభిప్రాయంలో మున్ముందు ఫ్లేర్ల అవసరం ఉండదు.

పాత ఆర్మమెంట్ ఫిట్టర్, సైనిక్‌పురి:

అమ్మా, ఓజోను సంగతి చాలా చక్కగా చెప్పావు. చివరి మాట మాత్రం ఒప్పుకోలేను. లేజరు గోళం ఖరీదైనది, దాని బరువు దానికుంది. రెండు మూడు క్షిపణులు ఒకేసారి వేర్వేరు దిక్కుల నుంచి వస్తే ఒక్క గోళం ఎటు తిరుగుతుంది? ఆ క్షణంలో ఫ్లేర్లు కూడా కావాలి. పైగా కొత్త సెన్సర్ల కోసం కొత్త రకం ఫ్లేర్లూ వచ్చాయి. కొన్ని మంట లేకుండా, గాలి తగలగానే రాజుకునే పలచటి లోహపు రేకులను వెదజల్లి ఇంజిన్ వేడినే అనుకరిస్తాయి. దాడికీ రక్షణకీ మధ్య ఈ పోటీ నా ఉద్యోగకాలమంతా చూశాను, ఒకరు గెలిచి ఆట ముగిసిన రోజు లేదు. మన ఊరినే తీసుకో. భుజం మీది క్షిపణి తరహాలో చిన్న దూరాల క్షిపణిని రూపొందించింది ఇక్కడి ఇమారత్ పరిశోధన కేంద్రమే. యుద్ధవిమానాలకు ఫ్లేర్లు వదిలే వ్యవస్థలను తయారు చేస్తున్నది ఇక్కడి భారత్ డైనమిక్సే.

నాన్న గారూ, పరికరాల కన్నా ముందు వచ్చే రక్షణ ఒకటి ఉంది, అది ఎగిరే తీరు. కార్గిల్‌లో మే 28 తర్వాత హెలికాప్టర్లను దాడుల నుంచి తప్పించారు. యుద్ధవిమానాలు ఆ క్షిపణులకు అందనంత ఎత్తుకు వెళ్లి, అక్కడి నుంచి బాంబులు వేయడం నేర్చుకున్నాయి. ఆ పోరులో మిరాజ్-2000 చేసిన పని అలా చేసిందే. హెలికాప్టర్ అంత ఎత్తుకు వెళ్లలేదు కాబట్టి కొండను అడ్డం పెట్టుకుంటుంది, చీకటిని వాడుకుంటుంది. వెళ్లిన దారిలో తిరిగి రాదు. మీ అమ్మాయి ఇప్పుడు చేతక్ మీద నేర్చుకుంటున్న, నేలకు దగ్గరగా ఎగిరే ప్రయాణం ఆ రోజు పనికొస్తుంది.

ఒకవేళ తగిలినా అంతా అయిపోయినట్టు కాదు. 2003 నవంబరు 22న బాగ్దాద్‌లో ఒక సరకు రవాణా ఎయిర్‌బస్ రెక్కకు క్షిపణి తగిలింది. హైడ్రాలిక్ పీడనం మొత్తం పోయింది, చుక్కాని పనిచేయలేదు. ముగ్గురు సిబ్బంది రెండు ఇంజిన్ల వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ, దాంతోనే విమానాన్ని తిప్పి, రన్‌వే మీద దించారు. ముగ్గురూ బతికారు.

అల్వాల్ నాన్న:

ఆదివారం అమ్మాయి ఇంటికి వచ్చింది. ఇదంతా ఫోనులో చూపించాను. అన్నం కలుపుకుంటూనే మొత్తం చదివింది. బాగ్దాద్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఫిట్టర్ గారిని ఒక ప్రశ్న అడగమంది: ఎగిరే ముందు ఆ ఎర్ర రిబ్బన్లు మీ కాలంలో ఎవరు లెక్కపెట్టేవారు?

పాత ఆర్మమెంట్ ఫిట్టర్, సైనిక్‌పురి:

ఇద్దరం. తీసిన పిన్నులన్నీ అరచేతిలో పెట్టుకుని నేను ఒకసారి లెక్కపెట్టి, కాక్‌పిట్ కిటికీ దగ్గరికి వెళ్లి చెయ్యి పైకి చాపేవాణ్ని. పైలట్ వేలితో చూపిస్తూ ఇంకోసారి లెక్కపెట్టి తల ఊపేవారు. ఆ తల ఊపే వరకు నేను పక్కకు జరిగేవాణ్ని కాదు. అమ్మాయితో ఈ మాట చెప్పండి.