‘ఆంక్షలు’ అందామా, ‘వెలి’ అందామా?

అడిగినది
మిత్రులారా, ఒక చిన్న పత్రిక కోసం క్యూబా మీద వ్యాసం తెనిగిస్తున్నాను. రెండు మాటల దగ్గర బండి ఆగింది. ఒకటి ‘శాంక్షన్స్’, రెండోది ‘మిలిటరీ న్యూట్రాలిటీ’. మొదటిదానికి పేపర్లన్నీ ‘ఆంక్షలు’ అంటాయి. నిమజ్జనం రోజు ట్రాఫిక్ మళ్లించినా ఆంక్షలే, హాస్టల్లో ఎనిమిదింటికి గేటు వేసినా ఆంక్షలే. 1962 ఫిబ్రవరి నుంచి అమెరికా వ్యాపారం ఆపేసి క్యూబా గొంతు మీద కూర్చున్నదానికీ అదే మాట వాడితే అబద్ధం రాస్తున్నట్టుంది. రెండోదానికి ‘సైనిక తటస్థత’ అని పెట్టాను. చదువుకుంటే ప్రాణం లేదు. సాయం చేయండి.

జవాబు (బ్యాంకులో రిటైరైనవాడిని)
మా వాడుకలో శాంక్షన్ అయిందంటే స్వీట్లు పంచాలి! లోను వచ్చినట్టు. ‘క్యూబాకి కొత్త శాంక్షన్లు’ అని నేను పైకి చదివితే మా ఆవిడ ‘పోన్లెండి పాపం, ఇప్పటికైనా ఇచ్చారు’ అంది. తప్పు ఆవిడది కాదు. ఆ ఇంగ్లీషు మాటకి అనుమతి, శిక్ష రెండూ అర్థాలే. దాని లాటిన్ మూలానికి శాసనం చేయడమని అర్థం. శాసనం ఇవ్వనూ ఇస్తుంది, లాక్కోనూ లాక్కుంటుంది.

జవాబు (ఒంగోలు, తెలుగు మాస్టారు)
‘దిగ్బంధం’ ఉండగా వెతుకులాట ఎందుకండీ? ఈ పేర్ల తగువు క్యూబాలోనూ ఉంది. వాషింగ్టన్ దాన్ని ‘ఎంబార్గో’ అంటుంది, హవానా ‘బ్లొకేయో’ అంటుంది. మొదటిది ‘నా సరుకు నీకు అమ్మను’ అన్నట్టు, రెండోది ‘నీకు ఎవరూ అమ్మకుండా చూస్తాను’ అన్నట్టు. 1962 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ క్యూబా చుట్టూ యుద్ధనౌకలు దింపినప్పుడు దానికి పెట్టిన పేరు ‘క్వారంటైన్’. ‘బ్లాకేడ్’ అంటే అంతర్జాతీయ న్యాయంలో యుద్ధచర్య అయిపోతుందని ఆ జాగ్రత్త. 2020లో మనల్ని పద్నాలుగు రోజులు గదిలో కూర్చోబెట్టిన మాటే!

మన మాట రుచి కూడా చూడండి. రుద్రం ముందు చదివే లఘున్యాసంలో ‘భూర్భువస్సువరోమితి దిగ్బంధః’ అంటాం. మన చుట్టూ మనమే దిక్కులు కట్టుకోవడం, చెడు లోపలికి రాకుండా. అక్కడ అది రక్ష. రాజకీయంలోకి వచ్చేసరికి ఎదుటివాడి దిక్కులు మనం కట్టేయడం అయింది. లలితా సహస్రనామం పుస్తకాల్లో చివర ‘ఇతి దిగ్విమోకః’ అని విప్పడం కూడా ఉంటుంది. క్యూబా విషయంలో ఆ రెండోది చదివేవారు అరవై ఏళ్లు దాటినా రాలేదు.

జవాబు
మాస్టారూ, ఉపమానం బాగుంది గానీ నాకు అభ్యంతరం ఉంది. ఇన్నేళ్లూ ఓడలు చుట్టూ నిలబడి లేవు. కెనడా, స్పెయిన్ వ్యాపారం చేశాయి. 2000లో చేసిన చట్టంతో అమెరికా కోడిమాంసమే హవానాకి వెళ్తోంది, నగదు ముందే కడితే. ‘దిగ్బంధం’ ఒక పక్షం వాడే మాట. అనువాదకుడు నినాదం రాయకూడదు.

అడిగినది
‘ఆంక్షలు’ కూడా ఒక పక్షం మాటే కదండీ. మెత్తగా ఉంటుంది కాబట్టి పక్షమని తెలీదు, అంతే.

జవాబు (నిజామాబాద్ దిక్కు)
అన్నా, మా దిక్కు ఊర్లు ఎరిగినోళ్లకు ఇది కొత్త ముచ్చట గాదు. మా ఊరి పక్కన కమిటోళ్లు ఒక ఇంటిని వెలేసిన్రు. ఆ ఇంటి సుట్టు ఎవ్వడు కట్టె పట్టుకోని నిలవడలె. కిరాణంల ఉప్పియ్యరు, ట్రాక్టరు కిరాయికి రాదు, మంగలాయన రాడు. గవన్నీ ఒక ఎత్తు. ఆ ఇంటోళ్లతోని మాట్లాడినోనికి జుర్మానా, అది ఒక ఎత్తు. అసలు పని జేసేది గా జుర్మానానే. దుకాణపాయనకు ఆ ఇంటి మీద కోపం లేదు. ‘నాకెందుకొచ్చిన లొల్లి’ అంటడు.

ఇగ క్యూబా జూడున్రి. 1992 చట్టం ప్రకారం క్యూబా రేవుకు సరుకుల కోసం పోయిన ఓడ 180 దినాలు అమెరికా రేవుల సరుకు ఎక్కియ్యొద్దు, దించొద్దు. 2014ల బీఎన్‌పీ పారిబా అనే ఫ్రాన్సు బ్యాంకు మీద దగ్గర దగ్గర 900 కోట్ల డాలర్ల జుర్మానా ఏసిన్రు. సుడాన్, ఇరాన్, క్యూబాల పైసలు అటిటు జేసినందుకు. బ్యాంకు వేరే దేశంది, లావాదేవీ వేరే దేశాలది, జుర్మానా మాత్రం అమెరికాకు. దీన్ని ఆంక్ష అంటరా? ‘వెలి’ అనున్రి.

అడిగినది
అన్నా, దండం! వ్యాసంలో నాకు అంతుపట్టని పేరా ఇప్పుడు అర్థమైంది. మందులకి మినహాయింపు ఉందని కాగితం మీద రాసి ఉంటుంది. కానీ ఆ మందుల డబ్బు పంపడానికి బ్యాంకు ముందుకు రాదు. మీ దుకాణదారుడే!

జవాబు (ఒంగోలు)
మాట అద్భుతం. ఒక్క మెలిక. వెలి వేసేది ఊరు. ఇక్కడ ఊరు వద్దంటోంది కదా? 1992 నుంచి ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో దీన్ని ఎత్తేయమనే తీర్మానం వస్తూనే ఉంది. 2023లో 187 దేశాలు ఎత్తేయమన్నాయి. కాదన్నవి రెండు, అమెరికా, ఇజ్రాయెల్.

జవాబు (నిజామాబాద్ దిక్కు)
సారూ, దొర వెలేస్తే ఊరు ఏసినట్టే. మా తాతలనడుగున్రి.

జవాబు
సరే, నేనూ ఎర్రజెండా వైపువాణ్ణే గానీ ఇబ్బందిపెట్టే ప్రశ్న వేస్తాను. తెల్లవాళ్ల పాలనలోని దక్షిణాఫ్రికా మీద ఆంక్షలు కావాలని మనమే ఊరేగలేదా? 1946లో దానితో వ్యాపారం తెంచుకుంది మన దేశమే. అప్పుడది న్యాయం, ఇప్పుడు వెలి?

జవాబు (ఒంగోలు)
దానికి వేరే మాట ఉందండీ, ‘బహిష్కరణ’. విదేశీ వస్త్ర బహిష్కరణ అన్నాం గానీ వస్త్రాల్ని వెలివేశాం అనలేదు. బహిష్కరణలో నా కొనుగోలు నేను మానుకుంటాను. వెలిలో పక్కవాడి కొట్టు కూడా మూయిస్తాను. ఇంకోటి, దక్షిణాఫ్రికా మీద ఒత్తిడి పెట్టమని అడిగింది అక్కడి నల్లవాళ్ల ఉద్యమమే. ఇరాక్‌లో 1990 ఆగస్టు నుంచి పదమూడేళ్లు ఐరాస ఆంక్షల పేరుతో జరిగినది అక్కడి జనం ఎవర్ని అడిగారు? ఆ దేశంలో ఐరాస సహాయ కార్యక్రమం చూసిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో, ఇద్దరూ ఆ ఆంక్షలకి నిరసనగానే రాజీనామా చేసి పోయారు. గీత ప్రతిసారీ ఇంత శుభ్రంగా ఉండదు, ఒప్పుకుంటాను. దక్షిణాఫ్రికాకి ఆయుధాలు అమ్మొద్దన్న 1977 తీర్మానం భద్రతామండలిదే, అంటే బలవంతులదే.

జవాబు (డబ్లిన్ నుంచి)
రెండో మాటని అందరూ వదిలేశారు, నేనందుకుంటాను. ఇక్కడ ఐర్లండ్‌లో అది రోజూ వినపడే మాట. నాటోలో లేదు, రెండో ప్రపంచ యుద్ధంలో దిగలేదు. ఆ యుద్ధకాలానికి ఇక్కడి పేరు ‘ఎమర్జెన్సీ’. మొదటిసారి విని 1975 అనుకుని తికమకపడ్డాను. అయినా షానన్ విమానాశ్రయం మీదుగా అమెరికా సైనికులు లక్షల్లో వెళ్లారు, ఇరాక్ యుద్ధానికి కూడా. ఇదేం తటస్థతని ఇక్కడి వామపక్షాల గొడవ. సైన్యాన్ని బయటికి పంపాలంటే ఐరాస, ప్రభుత్వం, పార్లమెంటు మూడూ ఒప్పుకోవాలి. దాన్ని ‘మూడు తాళాలు’ అంటారు. అందులో ఐరాస తాళం తీసేస్తామని 2025లో ప్రభుత్వం అంది.

1914లో ఇక్కడి కార్మిక సంఘం తన ఆఫీసు లిబర్టీ హాల్ మీద బ్యానరు కట్టింది. మేము సేవించేది (బ్రిటన్) రాజునీ కాదు, (జర్మనీ చక్రవర్తి) కైజర్‌నీ కాదు, ఐర్లండ్‌ని అని. అది గట్టున కూర్చున్నవాడి మాటలా ఉందా?

జవాబు (ఒంగోలు)
గట్టు! చిక్కంతా అక్కడే ఉంది. తటం అంటే ఒడ్డు, తటస్థుడంటే ఒడ్డున నిలబడ్డవాడు. భారతంలో దీనికి అచ్చమైన మనిషి బలరాముడు. ఎవరి పక్షమూ పట్టకుండా సరస్వతీ తీరం వెంట తీర్థయాత్రకి పోయాడు, అక్షరాలా తటం మీదే. తిరిగొచ్చేసరికి మిగిలింది గదాయుద్ధం. అప్పుడు నాగలెత్తి కోప్పడితే ఏం లాభం? అందుకే వాడుకలో తటస్థుడంటే గోడమీద పిల్లికి కాస్త మర్యాద పేరు.

మనవాళ్లు ‘అలీనం’ అన్నది ఇందుకే. లీనం కానిది. నీటిలో దిగినా ఉప్పులా కరిగిపోనిది. నెహ్రూ 1949లో అమెరికా కాంగ్రెస్ ముందే చెప్పాడు, స్వేచ్ఛకి ముప్పొచ్చినచోట మేము తటస్థంగా ఉండలేం, ఉండం అని. క్యూబా కూడా 1961 బెల్‌గ్రేడ్ సభ నుంచి అలీన దేశమే. సోవియట్ పడిపోయి క్యూబా తిండికి కటకటపడ్డప్పుడు సీపీఎం నాయకుడు హర్‌కిషన్ సింగ్ సుర్జీత్ పూనికతో ఇక్కడి నుంచి 10,000 టన్నుల గోధుమలు ఓడెక్కాయి. వెలివేసిన ఇంటి దొడ్డిగుమ్మంలో గంప దింపినట్టు! ఆ పని తటస్థుడు చెయ్యడు.

అడిగినది
తేల్చుకున్నాను. అమెరికా అధికారులు మాట్లాడే చోట ‘ఆంక్షలు’, క్యూబా వాళ్లు మాట్లాడే చోట ‘దిగ్బంధం’. శీర్షికలో ‘వెలి’. దేశాల విధానం గురించి అయితే ‘ఏ సైనిక కూటమిలోనూ చేరకపోవడం’ అని విప్పి రాస్తాను. పొడుగే గానీ ఒడ్డున నిలబడదు.

అడిగినది (రెండు రోజుల తర్వాత)
ఎడిటరు గారు లోపలివన్నీ ఉంచారు. శీర్షికలో మాత్రం ‘వెలి’ తీసేసి ‘ఆంక్షలు’ పెట్టారు. చోటు చాలలేదట.

జవాబు (నిజామాబాద్ దిక్కు)
రెండక్షరాలు పట్టలేదు గానీ మూడు పట్టినయా?