షడ్డకుడా, సడ్డకుడా? (చాసర్ చుట్టరికం)

అరసున్న: డిగ్రీలో మా ఇంగ్లీషు మాస్టారు పధ్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ పాఠం మొదలెడుతూ "రాజుగారి కొడుకు కవిగారికి షడ్డకుడయ్యాడు" అనేవారు. రాజు మూడో ఎడ్వర్డ్, కొడుకు జాన్ ఆఫ్ గాంట్. మాస్టారు 'ష' అన్నారో 'స' అన్నారో గుర్తు రావట్లేదు. ఏది సరి?

మానేరు ఒడ్డు: రాసేది షడ్డకుడు, మా వైపు పలికేది సడ్డకుడు.

గోదారిగట్టు: తోడల్లుడు అన్న మంచి మాట ఉండగా ఈ గొడవెందుకు? ఇక్కడ మామగారు హైనాల్ట్ (ఇప్పటి బెల్జియం వైపు) నుంచి వచ్చిన నైట్, అంటే గుర్రపు యోధుడు, పేన్ డి రోయెట్. ఒక కూతురు ఫిలిప్పా చాసర్ భార్య, ఇంకో కూతురు క్యాథరిన్ గాంట్ గారి మూడో భార్య. ఇంగ్లీషువాడైతే బ్రదర్ ఇన్ లా అనేసి చేతులు దులుపుకుంటాడు. బావో, మరిదో, తోడల్లుడో మనమే తేల్చుకోవాలి.

తాటాకు: షడ్డకుడు 'షట్' నుంచి వచ్చింది, ఆరో వరస చుట్టం అని మా తాతగారు.

అరసున్న: మిగతా అయిదూ ఎవరండీ? హిందీలో సాఢూ, మరాఠీలో సాడూ, కన్నడంలో షడ్డక. సంస్కృతంలో శ్యాలి అంటే భార్య చెల్లెలు. నా అనుమానం అటే.

మానేరు ఒడ్డు: ముందు తేదీలు చూడండి. లింకన్ కెథెడ్రల్‌లో గాంట్, క్యాథరిన్‌ల పెళ్ళి 1396 జనవరిలో. అప్పటికే వాళ్ళకి నలుగురు పిల్లలు. బోఫోర్ట్ ఇంటిపేరున్న ఆ పిల్లల్ని పార్లమెంటు సక్రమ సంతానంగా ఒప్పుకున్నది 1397లో. ఫిలిప్పా పేరేమో 1387 తర్వాత జీతాల పద్దుల్లో కనబడదు, పోయిందనే అంటారు. మరి తోడల్లుడెలా అయ్యాడు?

గోదారిగట్టు: భార్య పోతే వరస పోతుందా? మా పెద్దమ్మ పోయి పదేళ్ళయింది. నాన్న ఇప్పటికీ పెదనాన్నని "ఏం తోడల్లుడుగారూ" అనే పలకరిస్తాడు.

మానేరు ఒడ్డు: ఉన్న వరస పోదు, ఒప్పుకుంటాను. మనిషి పోయాక కొత్తగా వరస పుడుతుందా అని నా ప్రశ్న.

తాటాకు: అందరూ మూడో భార్య దగ్గరే ఆగిపోయారు. చాసర్ పద్యం చెప్పింది మొదటి భార్య బ్లాంచ్ మీద. ఆవిడ 1368లో పోయింది. బ్లాంచ్ అంటే ఫ్రెంచిలో తెల్లనిది, కాబట్టి పద్యంలో ఆవిడ పేరు 'వైట్'. చివర్లో ఒక 'లాంగ్ కాసిల్' వస్తుంది. పొడుగు కోట అనుకుంటాం, తీరా చూస్తే బ్లాంచ్ పుట్టింటి పేరు, లాంకాస్టర్!

గోదారిగట్టు: పింగళి సూరన వింటే ఇదీ ఒక శ్లేషేనా అని నవ్వుకునేవాడు. రెండు కథలు ఒకే పద్యంలో నడిపినవాడాయన.

తాటాకు: నవ్వుకోనీండి. 1374లో గాంట్ చాసర్‌కి ఏడాదికి 10 పౌండ్ల భత్యం ఇచ్చాడు. అప్పటికి పెళ్ళీ లేదు, మీ తోడల్లుడూ లేడు.

గోదారిగట్టు: చుట్టరికం అంటే గుర్తొచ్చింది, శ్రీనాథుడు పోతనకి బావమరిది అన్న కథ...

మానేరు ఒడ్డు: బాబ్బాబు, అది మళ్ళీ మొదలెట్టకండి. పోయినసారి మూడు రోజులు నడిచింది.

అరసున్న: ఇంతకీ నా 'ష' ఏమైంది? అన్నట్టు, మా మాస్టారికి ముందు పళ్ళు రెండు లేవని ఇప్పుడే గుర్తొచ్చింది.