2001, 2011 జనగణనల్లో చూపు, వినికిడి లెక్కలు ఎందుకింత తారుమారయ్యాయి?

పట్టికలపిచ్చి (ప్రశ్న):
దేశంలో చూపు లోపం ఉన్నవారు 2001లో 1.06 కోట్లు, 2011లో 50.3 లక్షలు. వినికిడి లోపం మాత్రం 12.6 లక్షల నుంచి 50.7 లక్షలకు ఎగబాకింది. మొత్తం వికలాంగుల శాతం చూస్తే 2.13, 2.21. పెద్దగా మారలేదు. కంటి ఆపరేషన్ల వల్ల ఇంత తగ్గుతుందా? మా మండలంలో సర్వే మొదలుపెడుతున్నాం. దేనితో పోల్చుకోవాలి?

గణన_పాఠం:
ఆపరేషన్లు కాదండీ, ముందు నిర్వచనాలు చూడండి. 2001లో ఒక కన్నే బాగా కనిపించేవారినీ చూపు లోపం కింద రాశారు. 2011లో వాళ్లను తీసేశారు. మంచి వెలుతురులో 10 అడుగుల నుంచి చేతివేళ్లు లెక్కపెట్టగలరా అన్నది పరీక్షగా పెట్టారు. వినికిడిలో దీనికి ఎదురు జరిగింది. 2001లో చెవి మిషన్ పెట్టుకుంటే వినపడేవారు లెక్కలో లేరు. 2011లో వాళ్లూ చేరారు, మామూలు మాటలు వినడానికి ఇబ్బంది పడేవారూ చేరారు. పైగా 2011లో ఒకటికి మించి లోపాలున్న 21.2 లక్షల మందిని విడి గడిలో చూపించారు. చూపూ వినికిడీ రెండూ లేని మనిషి ఆ గడిలోనే ఉంటాడు, చూపు గడిలో దొరకడు. ఈ రెండేళ్ల అంకెలనూ ఒకే గీతతో కలపడం తప్పు.

సర్వే_పెద్దన్న:
సర్వేలో "మీ ఇంట్లో వికలాంగులున్నారా?" అని మాత్రం అడగకండి. ఇంటిపెద్ద లేరనేస్తాడు. ముసలాయనకు చెవులు మందగిస్తే అది వయసు ప్రభావమే అనుకుంటారు, లోపమనుకోరు. వాషింగ్టన్ గ్రూప్ (వైకల్య గణాంకాల కోసం ఐక్యరాజ్యసమితి కింద ఏర్పడిన బృందం) ఆరు ప్రశ్నలు వాడండి: కళ్లద్దాలు పెట్టుకున్నా చూడటం, మిషన్ పెట్టుకున్నా వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుంచుకోవడం, స్నానం-బట్టలు, ఎదుటివారితో మాట్లాడి అర్థం చేసుకోవడం. జవాబులు నాలుగు: ఇబ్బంది లేదు, కొంచెం, చాలా, అసలు చేయలేను. ఒక్కదానిలోనైనా "చాలా" లేదా "అసలు చేయలేను" వస్తేనే లెక్క. "కొంచెం" కూడా కలిపారా, శాతం విపరీతంగా పెరిగిపోతుంది. వీలైనంతవరకు ఎవరి జవాబు వారినే అడగండి.

లెక్కతేల్చు:
పెన్షన్ జాబితాతో సరిపోల్చకండి. సదరం సర్టిఫికెట్ కావాలంటే డాక్టరు పరీక్ష చేయాలి, పెన్షన్‌కు సాధారణంగా 40 శాతం లోపం తేలాలి. అది వేరే కొలత. ప్రపంచ జనాభాలో 16 శాతం మందికి వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఆ శాతం కూడా మీ మండలంలో రావాలని లేదు. ఆరు ప్రశ్నలు 5 ఏళ్లు దాటినవారికే. 2 నుంచి 17 ఏళ్లవారికి వాషింగ్టన్ గ్రూప్, యునిసెఫ్ కలిసి చేసిన పిల్లల ప్రశ్నావళి వేరే ఉంది. అది తల్లిని లేదా పెంచేవారిని అడగాలి.