లాహౌల్ హోమ్‌స్టేకి స్నో స్కూటర్ కొనొచ్చా? హైదరాబాద్‌ల కూర్చొని అడుగుతున్నా, నవ్వకండి

మియాపూర్ మంచోడు:
అన్నలూ, నేనుండేది మియాపూర్ ఆల్విన్ కాలనీ చౌరస్తా దగ్గర, మంచు అంటే ఫ్రిజ్‌ల గోకేదే తెలుసు. రెండేళ్ళ కింద నేనూ మా దోస్తూ కలిసి హిమాచల్ లాహౌల్‌ల, కేలాంగ్‌కి ఇవతల ఒక ఊర్లో నాలుగు రూముల ఇల్లు లీజుకి తీస్కొని హోమ్‌స్టే పెట్టినం (బయటోళ్ళకి అక్కడ భూమి కొనుడు అంత ఈజీ కాదు, అందుకే లీజు). అటల్ టన్నెల్ 2020 అక్టోబర్‌ల ఓపెన్ అయినకాడి నుంచి చలికాలంల గూడ జనం వస్తున్నరు, బిజినెస్ మంచిగనే ఉంది. పరేషానీ అంతా ఆఖరి 3 కిలోమీటర్ల దగ్గర. మెయిన్ రోడ్డు మంచు బీఆర్ఓ (బోర్డర్ రోడ్లు చూసే సర్కారు సంస్థ) వాళ్ళు ఒకటి రెండు రోజుల్ల తీసేస్తరు, ఆడికెల్లి మా ఇంటికి పోయే తొవ్వ ఎవ్వరూ తీయరు. మొన్న ఫిబ్రవరిల ఐదుగురు గెస్టులు ఐదు రోజులు లోపలే ఇరుక్కున్నరు, అందులో ఒకాయనకి 68 ఏళ్ళు, బీపీ గోలీలు అయిపోయినయ్. గ్యాస్ సిలిండర్ ఊరోళ్ళు వీపు మీద కట్టుకొని మోసుకొచ్చిన్రు, చూస్తుంటే నాకే సిగ్గనిపించింది.

మనాలి దగ్గర సోలంగ్‌ల స్నో స్కూటర్, అదే ముందట స్కీలు వెనక చైన్ ఉండే బండి, ఎక్కినప్పుడే అనుకున్న, ఇట్లాంటిది ఒకటి ఉంటే ఐపాయె కదా అని. ఇంకోడు ఎవడో వాట్సాప్‌ల తగిలి అమెరికా నుంచి పాత స్నోక్యాట్, అదే క్యాబిన్ ఉండి కింద చైన్లు ఉండే పెద్ద బండి, కంటైనర్‌ల తెప్పిస్తా అంటుండు. ఏది కొనాలె? పర్మిషన్లు ఏంది? స్పేర్ పార్ట్స్ రాణిగంజ్‌ల దొరుకుతయా? ఎవరన్నా నిజంగ నడిపినోళ్ళు చెప్పండి ప్లీజ్.

గల్లీ గవాస్కర్:
లోయర్ ట్యాంక్‌బండ్ మీద స్నో వరల్డ్ ఉంది కదా భయ్, ఆడ ట్రయల్ వేసి చూడు. సారీ, ఆపుకోలేకపోయిన. సీరియస్ ఆన్సర్ నాకు తెల్వదు, కింద ఎవరన్నా చెప్తరు, నేను గూడ ఫాలో అవుతున్న.

తణుకు టు నిజాంపేట:
నేను నడిపాను బ్రో. కొలరాడోలో ఉన్నప్పుడు నలుగురం ఫ్రెండ్స్ కలిసి కొండల్లో ఒక క్యాబిన్ మూడు వింటర్లు అద్దెకి తీసుకున్నాం, కౌంటీ వాళ్ళు రోడ్డు ఒక మలుపు దాకే క్లియర్ చేసేవాళ్ళు, అక్కడ్నించి 6 కిలోమీటర్లు మన తిప్పలే, అంటే నీ కేసే కానీ డబుల్.

ముందు ఈ చైన్ సంగతి చెప్తా, ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమైపోతాయి. మా తణుకు వైపు నవంబర్ తుఫానుకి వరి పడిపోయి చేలో నీళ్ళు నిలిచిపోతే టైర్ల కోత మిషన్ దింపరు, దింపితే ఇరుసు దాకా దిగబడి కూర్చుంటది, చైన్ మిషన్ ఐతే కోసుకుంటా పోద్ది. బరువులో పెద్ద తేడా ఏం లేదు, ఆ బరువు పరుచుకుంది అంతే. మంచులోనూ అదే లెక్క. కారు టైరు నేలమీద చదరపు సెంటీమీటర్‌కి 2 కేజీల దాకా నొక్కుద్ది, మనిషి నడుస్తుంటే ఓ 400 గ్రాములు అనుకో, స్నో స్కూటర్ మనిషితో కలిపి కూడా 30, 40 గ్రాములే. అందుకే బండి మీద ఉన్నంతసేపూ దూదిమీద పోతున్నట్టు ఉంటది, ఆపి కాలు కింద పెట్టావా, నడుము దాకా లోపలికి! మొదటిసారి నేను అలా దిగి మళ్ళీ బండెక్కడానికి పావుగంట పట్టింది, మా వాళ్ళు వీడియో తీశారు గానీ చెయ్యి ఇవ్వలేదు.

ఇక నీ ప్లాన్‌లో అసలు చిక్కు. స్నో స్కూటర్ ట్రాక్, అంటే ఆ చైనే, దాని లోపల రెండు పొడుగు ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి, ట్రాక్ వాటి మీదే జారుద్ది, ఆ పట్టీల్ని చల్లబరిచేది మంచే. ఇంజన్ లిక్విడ్ కూల్డ్ ఐతే దాని రేడియేటర్ పని చేసేది కూడా ట్రాక్ ఎగరేసే మంచు వల్లే. అంటే బీఆర్ఓ వాళ్ళు శుభ్రంగా గీకేసిన తారు రోడ్డు మీద ఓ రెండు కిలోమీటర్లు సరదాగా పోనిచ్చావంటే పట్టీలు కరగడం మొదలు, ఇంజన్ వేడెక్కి లైట్ వెలుగుద్ది. మార్చి నెలాఖరులో మధ్యమధ్య మట్టి తేలిన చోట కూడా ఇదే గొడవ. కాబట్టి అది నీ 3 కిలోమీటర్లకే, కేలాంగ్ బజారుకి వెళ్ళి కూరగాయలు తెచ్చుకోడానికి పనికిరాదు.

స్నోక్యాట్ మాత్రం వద్దు. మాది 1970ల నాటి పాతది, నలుగురం తలా కొంత వేసి కొన్నాం. స్టీరింగ్ ఉండదు, రెండు లివర్లు, కుడిది లాగితే కుడి ట్రాక్ నెమ్మదిస్తది, బండి అటు తిరుగుద్ది, అచ్చం ఎద్దుల పగ్గాల్లాగే. పెట్రోల్ కిలోమీటర్‌కి ఎంత అని అడగకూడదు, గంటకి ఎంత అని అడగాలి. రబ్బర్ బెల్టుల మీద అడ్డంగా ఇనప పట్టీలు బోల్టులతో బిగించి ఉంటాయి, వందల బోల్టులు, ప్రతి ట్రిప్పు ముందూ పానా పట్టుకుని చుట్టూ తిరిగి చూడాలి. ఒక శనివారం బద్ధకించి చూడలేదు, దార్లో ఒక పట్టీ ఊడి బెల్టుని చీల్చేసింది, సాయంత్రం నాలుగున్నర, మైనస్ 18. స్నోషూస్ (మంచులో దిగబడకుండా బూట్లకి కట్టుకునే వెడల్పు పట్టాలు) ఉన్నాయి కాబట్టి 4 కిలోమీటర్లు నడిచి బతికిపోయాం. ఆ తర్వాత ఒకటే రూల్ పెట్టుకున్నాం, నడిచి తిరిగి రాలేని దూరం బండి మీద పోకూడదు అని.

అమెరికాలో దొరికే పాతవాటిలో బాగా కనపడే కంపెనీలు టక్కర్, థయోకోల్. థయోకోల్ అంటే స్పేస్ షటిల్ బూస్టర్లు చేసిన కంపెనీయే, దాని స్నోక్యాట్ డివిజన్‌ని 1978లో కార్లు చేసిన డెలోరియన్ కొన్నాడు, తర్వాత 2000లో ఆ స్నోక్యాట్ కంపెనీ కూడా మూతపడింది. 1957-58లో బ్రిటన్ సాహసికుడు ఫుక్స్ టీమ్ అంటార్కిటికా దాటింది టక్కర్ బండ్ల మీదే, 99 రోజులు పట్టింది, వినడానికి భలే ఉంటది. కానీ వాళ్ళ వెంట మెకానిక్కులు ఉన్నారు బ్రో, నీకు ఎవరున్నారు?

కవాడిగూడ క్లియరింగ్:
నేను చెప్పేది కస్టమ్స్ ముచ్చట మాత్రమే. ఆ వాట్సాప్ మనిషిని ముందు బ్లాక్ చెయ్ తమ్ముడూ. మన దగ్గర సెకండ్ హ్యాండ్ వాహనం దింపాలంటే మూడేళ్ళకంటే పాతది కావద్దు, దింపేది ముంబై పోర్ట్‌లనే, ఇంకా శానా కండిషన్లు ఉన్నయ్, 50 ఏళ్ళ బండిని ఆయన ఏ లెక్కన తెస్తడో నాకైతే అర్థం కాలె. "స్క్రాప్ అని చూపిస్త" అంటడు, అప్పుడు పేపర్ల మీద పేరు నీదే ఉంటది, గుర్తు పెట్టుకో. కొత్తది తెప్పిస్తే మంచు మీద పోయే బండ్లకి టారిఫ్‌ల 8703 10 అని వేరే లైనే ఉంది, గోల్ఫ్ కార్లు గూడ దాంట్లనే, కార్ల డ్యూటీ లాగనే గట్టిగ పడతది.

ఆర్టీఓ సంగతి అడగలే గానీ చెప్తున్న. మోటార్ వెహికల్స్ యాక్ట్‌ల వాహనం అంటే రోడ్డు మీద నడిచేటందుకు తయారైంది అని రాసి ఉంటది, ఇది రోడ్డు బండే కాదు, నంబర్ ప్లేట్ రాదు. నంబర్ లేని బండి మీద పైసలు తీస్కొని గెస్టుని ఎక్కించుకుంటే, ఏమన్నా అయితే ఇన్సూరెన్స్ వాడు మొకం గూడ చూడడు. టూరిజం డిపార్ట్‌మెంట్ పర్మిషన్ గూడ కనుక్కో, మీ తొవ్వ అడవి భూమిల నుంచి పోతుంటే ఫారెస్ట్ వాళ్ళని గూడ.

మియాపూర్ మంచోడు:
థాంక్స్ అన్నలూ, స్నోక్యాట్ క్యాన్సిల్. అయినా స్కూటర్ మీద ఆశ పోతలేదు. కొత్తది అమెరికాలనే 12 నుంచి 18 వేల డాలర్లు ఉంది, అందుకే సోలంగ్ దిక్కు నడిపేటోళ్ళ దగ్గర పాతది అడుగుతున్న. బెల్టులు బేరింగులు రాణిగంజ్‌ల దొరకయా మరి?

తిరుమలగిరి బాబాయ్:
బాబూ, నేను ఈఎంఈలో, అంటే ఆర్మీలో బండ్లు, మిషన్లు రిపేర్ చేసే విభాగంలో, పనిచేసి రిటైరయ్యాను, ట్రైనింగ్ ఇక్కడే మన తిరుమలగిరిలో, తర్వాత పోస్టింగ్ ఎక్కడో నీకు చెప్పక్కర్లేదు, సియాచిన్ గ్లేసియర్ కింద. అక్కడ స్నో స్కూటర్లు రిపేర్ చేయడమే నా డ్యూటీ. అందుకని కాస్త ఓపిగ్గా చదువు.

బేరింగ్ దొరుకుతది. ట్రాక్ లోపలి చక్రాలకి చాలా బండ్లలో 6205 నంబర్ వేస్తారు, అది రాణిగంజ్‌లో ఏ షాపులో అడిగినా కౌంటర్ మీద పెడతాడు. సీల్ రెండు వైపులా ఉన్నది తీసుకో. కానీ డ్రైవ్ బెల్ట్ దొరకదు. చూడ్డానికి మన స్కూటీ బెల్ట్ లాగే ఉంటది, పని కూడా అదే, గేర్లు లేకుండా రెండు పుల్లీల మధ్య, కానీ సైజు వేరు, మోడల్ మోడల్‌కి వేరు. అది తెగిందంటే నీ పది లక్షల బండి మంచులో సోఫా సెట్టు. రెండు స్పేర్లు లేకుండా బండి బయటికి తీయకు.

ఇంకోటి ఎత్తు. మన హైదరాబాదే 1,700 అడుగుల పైన ఉంది, నీ ఊరు 10,000. ప్రతి వెయ్యి అడుగులకి ఇంజన్ పవర్ 3 శాతం తగ్గుతది, అంటే అక్కడ మూడో వంతు దాకా పోయినట్టే. పాత కార్బ్యురేటర్ బండి ఐతే గాలి పలచన, పెట్రోల్ ఎక్కువై ప్లగ్గు నల్లగా మసి పడతది, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్లు మార్చాలి. ప్లగ్గులు ఎప్పుడూ జేబులో ఉండాలి, బ్యాగులో కాదు జేబులో, ఎందుకంటే చల్లటి ఇనుముని ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం అతుక్కుపోతది. మా కుర్రాడు ఒకడు గ్లౌజు తీసి పానా పట్టుకున్నాడు, ఆ పానా వదిలించేసరికి చేతి చర్మం దానితోపాటే వచ్చేసింది. నేను చెప్పానా లేదా అంటే చెప్పాను, విన్లేదు.

సాయంత్రం బండి పెట్టే పద్ధతి ఉంది, దీన్ని ఎవరూ నేర్పరు. ఆపగానే వెనక బంపర్ పట్టుకుని ఎత్తి, ట్రాక్‌లో ఇరుక్కున్న మంచంతా దులపాలి, తర్వాత స్కీల కింద, ట్రాక్ కింద చెక్కలు వేసి నిలబెట్టాలి. బద్ధకించావో, రాత్రి ఆ తడి గడ్డకట్టి పొద్దున బండి నేలలో పాతేసినట్టు ఉంటది. తెలీనివాడు వచ్చి సెల్ఫ్ కొట్టి రేజ్ చేస్తాడు, ట్రాక్ కదలదు, బెల్ట్ మాత్రం తిరిగి తిరిగి కాలిపోతది, ఆ రబ్బర్ కమురు వాసన వస్తే నేను టెంట్‌లోంచే తిట్లు మొదలెట్టేవాణ్ణి. నీ దోస్తు అక్కడ ఉంటాడా చలికాలమంతా? ఎవరు చేస్తారు ఇదంతా రోజూ?

జనరేటర్ ఉంటే దానికి కూడా జాగ్రత్త, మామూలు డీజిల్ మైనస్‌లో మైనంలా అయిపోయి ఫిల్టర్ మూసుకుపోతది. ఇండియన్ ఆయిల్ 2019లో లదాఖ్ కోసం మైనస్ 33 దాకా పారే డీజిల్ తెచ్చింది, నీ దగ్గర బంకులో చలికాలం డీజిల్ దొరుకుతుందేమో అడుగు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ 3 కిలోమీటర్లలో నాలాలు, అంటే కొండ మీంచి దిగే వాగులు, ఎన్ని? పైన వాలు ఎట్లా ఉంది?

మియాపూర్ మంచోడు:
బాబాయ్ దండం. దోస్తు జనవరిల మనాలికి దిగిపోతడు, ఊరి పిలగాడు ఒకడు చూసుకుంటడు. నాలాలు రెండు. ఒకటి చిన్నది. రెండోదాంట్ల పోయినేడు మంచు మొత్తం కిందికొచ్చి తొవ్వ మీద రెండు మనుషుల ఎత్తు పడ్డది, మేము ఫొటోలు దిగినం దాని ముందు.. ఇప్పుడు రాస్తుంటే భయమైతుంది.

తణుకు టు నిజాంపేట:
బాబాయ్ గారూ మీతో ఒక్క విషయంలో ఒప్పుకోను. స్కూటర్ ఉంటే ఆ 68 ఏళ్ళాయన్ని వెనక స్లెడ్జ్‌లో పడుకోబెట్టి 15 నిమిషాల్లో రోడ్డు మీదకి తేవొచ్చు. మోసుకొస్తే రెండు గంటలు, ఆరుగురు మనుషులు. ఆ ఒక్క రోజు కోసమైనా బండి దండగ కాదు.

తిరుమలగిరి బాబాయ్:
దండగ అని నేను అనలేదు బాబూ. నాలా సంగతి తేలాక మాట్లాడదాం అంటున్నా. అవలాంచ్‌లు, అంటే కొండ మీంచి మంచు ఒక్కసారిగా జారిపడటం, ఎక్కువగా జరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద, స్కూటర్ మీద ఉషారుగా పోయేవాడికి నచ్చే వాలు కూడా అదే. చప్పుడుకి మంచు జారుతుందని సినిమాల్లో చూపిస్తారు, అది ఉత్తదే, జారేది బరువు పడితే. నడిచే ఒక్క మనిషి బరువుకి జారని మంచు, స్కూటరూ స్లెడ్జూ ఇద్దరు మనుషులూ కలిసి పోతే జారొచ్చు. మంచు కింద పడ్డవాణ్ణి పది, పదిహేను నిమిషాల్లో తవ్వి తీయకపోతే ఆశ తక్కువ, రోడ్డు నుంచి అంబులెన్స్ వచ్చే లెక్క కాదది, పక్కనున్నవాడే తవ్వాలి. బీకన్ (మనిషి ఎక్కడున్నాడో సిగ్నల్ ఇచ్చేది), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార మూడూ ఉండాలి, నీ గెస్టులకి ఏదీ ఉండదు.

నేనైతే ఇట్లా చేస్తా. డీఆర్‌డీఓ వాళ్ళది డీజీఆర్‌ఈ అని ఉంది, పాతపేరు సాసే, అవలాంచ్ వార్నింగులు ఇస్తారు, అవి రోజూ చూసే అలవాటు ఆ పిలగాడికి చెయ్యి. పెద్ద మంచు పడ్డాక ఒకటి రెండు రోజులు ఎవర్నీ ఆ నాలా దాటనియ్యకు, గెస్టు ఫ్లైట్ పోతే పోనీ. దాటేది తెల్లారగట్ల, ఎండ తగలకముందు, ఒక్కొక్కరే. గ్యాస్, బియ్యం, మందులు నవంబర్ లోపలే రెండు నెలలకి నింపెయ్యి, లాహౌల్ వాళ్ళు తరతరాలుగా చేసేది అదే. ఎనిమిది జతల స్నోషూస్, ఒక ఫైబర్ రెస్క్యూ స్లెడ్జ్ కొను. ఊరి కుర్రాళ్ళకి మోసినరోజు కూలి మాట్లాడుకో, సిగ్గుపడే పని ఉండదు. ఇవన్నీ ఒక సీజన్ నడిచాక నీకింకా స్కూటర్ కావాలనిపిస్తే, బెల్ట్ మార్చడం నేను నేర్పిస్తా. ఈ ఆదివారం ఇంటికి రా, ఆ రెండో నాలా ఫొటోలు తీసుకురా, పైనుంచి కిందదాకా కనపడేవి, మీరు ముందు నిలబడినవి కాదు.

మియాపూర్ మంచోడు:
వస్తా బాబాయ్. పొద్దున పదింటికి. పిలగానికి ఇప్పుడే ఫోన్ చేసిన, ఆ నాలాకి ఊర్ల పేరుందంట, ముసలోళ్ళు జనవరి తర్వాత ఆడ ఆగొద్దు, మాట్లాడుకుంట నిలబడొద్దు అంటరంట. రెండేళ్ళ నుంచి ఉంటున్నం, మేము అడగలే, వాళ్ళు చెప్పలే.